శుభ్రమైన అపెండిక్స్

ఫిల్మ్ నగర్‌లో హీరో ఎగరాలంటే తాడు కట్టేది మౌళిలాంటి డూప్‌కే. ఆ ఉదయం తాడు ఒక్కసారిగా లాగేసరికి నడుము బెల్టు కడుపును నొక్కేసింది. షాట్ ఓకే అయింది, మౌళి మెలికలు తిరిగిపోయాడు.

ప్రొడక్షన్ మేనేజర్ రఘునందన్ అతన్ని జూబ్లీహిల్స్‌లోని ఆస్పత్రికి తెచ్చి, "పొద్దున్నుంచీ కడుపునొప్పండీ" అని తనే చెప్పేశాడు. మౌళికి నోరు పెగలలేదు. కుడివైపు నొప్పి గనక అపెండిక్స్ అనుకున్నారు.

భార్య మంజులత యూసుఫ్‌గూడ నుంచి పరుగున వచ్చింది. తాడు లాగింది ఆమె సొంత తమ్ముడు అరవింద్. "అక్కా, జర తొందరపడి లాగిన" అని అప్పటికే ఫోన్‌లో ఏడ్చాడు.

ఆపరేషన్ మధ్యలో డాక్టర్ కౌముది బయటికి వచ్చింది.

"చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చూశాం. అపెండిక్స్ బాగానే ఉంది. పైకి బాగున్నా లోపల వాపు ఉండొచ్చు, ఇంకే కారణం లేకపోతే తీసేస్తాను. కానీ కడుపుకు దెబ్బేమైనా తగిలిందా? తగిలితే పేగు వెనకవైపు చిట్లి ఉండొచ్చు. కడుపు కోసి వెతకాలి. వదిలేస్తే ప్రాణం పోతుంది. ఆలోచించి చెప్పండి."

నర్సు పిలిస్తే ఆమె తలుపు దాకా వెళ్లగానే రఘునందన్ దగ్గరికి జరిగాడు.

"రోప్ అన్నావంటే పోలీసులు వచ్చేది నీ తమ్ముడి కోసమే అమ్మా. హీరో కోసం రారు, నా కోసమూ రారు. అపెండిక్స్ అంటే ఎవరికీ ఏ గొడవా లేదు."

ఎంత జాలి గుండె మహానుభావుడిది! మంజులతకు లోపల మొగుడు, బయట తమ్ముడు. ఇద్దరిలో ఒకరిని ఎంచుకోమనడం కంటే పాపం ఇంకేముంటుంది?

"చెప్పండమ్మా," అంది డాక్టర్ తిరిగొచ్చి.

"దెబ్బేం తాకలె మేడం. తీసెయ్యుండ్రి."

సీసాలో తేలుతున్న అపెండిక్స్ ఫొటోను రఘునందన్ యూనిట్ గ్రూప్‌లో పెట్టాడు. 'దేవుడి దయ, అపెండిక్సే' అని రాశాడు. దండాలు కురిశాయి. ఏ రోగమూ లేని అవయవానికి అన్ని దండాలు ఎవరూ పెట్టి ఉండరు.

సాయంత్రం మౌళికి తెలివొచ్చింది. ఒళ్లు కాలిపోతోంది, కడుపు చెక్కలా బిగిసింది.

"మంజూ, నొప్పి గట్లనే ఉంది. డాక్టరమ్మకు రోప్ సంగతి చెప్పినవ్ గదా?"

గుమ్మం దగ్గర అరవింద్ తల దించుకుని నిలబడ్డాడు. మంజులత కొంగుతో మొగుడి నుదురు తుడిచింది.

"చెప్పిన," అంది. "ఫికర్ చెయ్యకు, పండుకో."