తెగిన వత్తులు

“ఎలాగూ ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా, మళ్ళీ చేసెయ్” అన్నాడు వంశీకృష్ణ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న భార్యతో. విజయదుర్గ తలెత్తలేదు. ఎత్తితే చేతిలో కాయ విసిరేసేలా ఉంది. మళ్ళీ చెయ్యాల్సింది ఇల్లు సర్దడం కాదు, నాలుగు వేల మాటల అనువాదం.

వంశీకృష్ణకు దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ ఉంది. మూలుగుతూ నడిచే పాత కంప్యూటర్లు ముప్పై. వాటిలో విండోస్‌కి బదులు ఉండేది డబ్బు కట్టక్కర్లేని ఒక రకం లినక్స్. దేశదేశాల వాళ్ళు జీతం లేకుండా చేసిపెట్టే సరుకు అది. జీతం లేని పని అనగానే ఎనిమిదేళ్ళ కిందట ఇంట్లో అందరి చూపూ దుర్గ వైపు తిరగడంలో వింతేముంది? ఎంసీఏ చదివిందాయె. తెర మీదా, ఆ లినక్స్ వాళ్ళ అనువాదాల సైటులోనూ కనిపించే ప్రతి మాటనూ తెలుగు చేసే పని ఆమెకు అంటగట్టారు. మొదట్లో విసుక్కుంది. తర్వాత రోజు మొత్తంలో తనదనిపించేది ఆ గంట ఒక్కటే అయింది. కుక్కరు కూతలకీ మామగారి బీపీ మాత్రలకీ మధ్య, ‘సేవ్’ని ‘భద్రపరచు’ అనాలా ‘దాచు’ అనాలా అని కూరలో ఉప్పు మరిచిపోయేంతగా ఆలోచించేది. ‘దాచు’ అనే పెట్టింది.

ఆ సైటులో ఖాతా తెరిచిన రోజు మామగారు జోగారావు అడ్డుపడ్డారు. “ఆడపిల్ల పేరు అందరికీ కనపడేలా నెట్‌లో ఎందుకమ్మా? వాడి పేరు పెట్టు. మీరిద్దరూ వేరా ఏంటి?” మెత్తగానే అన్నారు. ఆ ఇంట్లో ఎవరూ గొంతు పెంచరు, అదే వచ్చిన చిక్కు. గొంతు పెంచితే ఎదురు చెప్పడానికైనా ఉండేది. ఆ రోజు నుంచీ తెలుగు అనువాదకుడు వంశీకృష్ణ. సెంటర్ గోడ మీద ఆయన సన్మానం ఫోటో కూడా ఉంది. ఆ శాలువా మడతపెట్టి బీరువాలో పెట్టింది మాత్రం దుర్గే.

ఇప్పుడా లినక్స్ వాళ్ళు టూల్‌కిట్ మారుస్తున్నారు. తెర మీద కిటికీలు, మీటలు, మెనూలు కట్టే సామానంతా వేరేదవుతుంది. పాత సామానుకు కూర్చిన మాటలు దీనికి పనికిరావు. మళ్ళీ మొదటి నుంచీ రాయాలి.

పోయిన వారం సెంటర్లో ఒక కంప్యూటర్‌లోకి, మచ్చుకు కొన్ని పాత తెలుగు మాటలతో, కొత్తదాని నమూనా ఎక్కించారు. దుర్గ ఎల్‌బీ నగర్ నుంచి మెట్రోలో భర్తకు లంచ్ బాక్స్ తెస్తే, అక్కడ పాఠాలు చెప్పే సాధన చెయ్యి పట్టి లాక్కెళ్ళింది. “మేడం, గీ అక్షరాలు చూడుండ్రి. కింద కోసేసినట్టే ఉన్నయ్. పిల్లలు ఎట్ల చదువుతరు?” నిజమే. కొత్త మీటల ఎత్తు చాలక కింద వత్తులన్నీ తెగిపోతున్నాయి. కొలత కాస్త పెంచితే చాలు. కానీ ఎవరో ఒకరు చెప్పాలిగా.

శనివారం మధ్యాహ్నం సెంటర్లోనే ఆ లినక్స్ వాళ్ళతో వీడియో మీటింగ్. “కెమెరాకి కనపడకుండా పక్కన కూర్చో. నాకు తెలీనివి చీటీ మీద రాసివ్వు” అన్నాడు వంశీకృష్ణ. కూర్చుంది. ఆమె రాసిచ్చింది, ఆయన చదివాడు. చివర్లో అవతలి నుంచి ఒకావిడ అడిగింది, కొత్తదాంట్లో తెలుగు సరిగా కనిపిస్తోందా అని. ఇవాళ చెబితే సరిచేస్తామంది, లేకపోతే ఇలాగే విడుదలవుతుందట. దుర్గ పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది: ‘లేదు. వత్తులు తెగుతున్నాయి.’ ఆయన చీటీ చూశాడు. దాన్ని మౌస్ ప్యాడ్ కిందికి తోసి, అంతా బ్రహ్మాండంగా ఉందని ఇంగ్లీషులో నవ్వుతూ చెప్పాడు.

“బాగుందని మొన్ననే మెయిల్ పెట్టేశాను. ఇప్పుడు కాదంటే నా పరువేం కావాలి? అయినా వత్తులెవరు చూస్తారే!” అన్నాడు మీటింగ్ అయ్యాక.

పేరు లేదని ఇన్నేళ్ళలో ఒక్కసారీ బాధపడలేదని తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది దుర్గ. పచ్చి అబద్ధం. శాలువా మడతపెట్టిన రోజు బాత్రూంలో కుళాయి విప్పుకుని ఏడ్చింది. పేరు పోతే పోయింది, పనైనా నిలుస్తుందనుకుంది. ఇప్పుడా పనిని కూడా ఈయన పరువు కోసం తెగ్గొట్టుకోవాలా? దుర్గకి ఏడుపు రాలేదు.

“కొత్తదానికి మళ్ళీ నమోదు చేసుకోవాలట. ఆ ఖాతా పాస్‌వర్డేంటి?” అడిగాడు. ఎనిమిదేళ్ళుగా తన పేరున్న ఖాతా పాస్‌వర్డు ఆయనకు తెలీదు.

దుర్గ మౌస్ ప్యాడ్ కింది చీటీ తీసి, వెనక పాస్‌వర్డు రాసి చేతికిచ్చింది. “ఉంచుకోండి. మిగతావి మీరే చేసుకోండి.”

“అలిగావా? పద, ఇంటికెళ్ళి వేడిగా టీ పెట్టు, అన్నీ సర్దుకుంటాయి.”

“మీరు వెళ్ళండి. నాకు పనుంది” అంది. మెత్తగానే అంది. ఆ ఇంట్లో నేర్చుకున్న గొంతే.

సాధన సీట్లో కూర్చుని, ఆ లినక్స్ అనువాదాల సైటులో కొత్త ఖాతా తెరిచింది. తెగిన అక్షరాల ఫోటో జతచేసి, కొత్తదాంట్లో తెలుగు సరిగా కనిపించడం లేదని, ఇన్నేళ్ళూ ఆ తెలుగు రాసింది తనేనని రాసింది. పంపేసింది. అప్పుడు తెర మీద ఆమె పేరు వచ్చింది: విజయదుర్గ. దాని కింద ఇంకో వరుస: ‘ఇంతవరకు మీరు చేసిన పని: సున్నా.’

ఆ వరుసను తెలుగు చేసిందీ ఆమే.