నలపకూడని మాత్ర

మడిచిన కాగితం మధ్య మాత్ర పెట్టి, స్టీలు చెంచా వీపుతో అదిమి, అటూ ఇటూ దొర్లించి, మళ్ళీ అదిమింది ఆయా. లోపల గరగర ఆగిపోయేదాకా నలపడం ఆమెకు అలవాటు. ఆ పొడిని కాస్త తేనెలో కలిపి చెంచా అంచుకు తీసుకుంది.

"నోరు తెరువు తల్లీ. చేదు నీకు తెలిసేలోపు తీపి తగుల్తుంది."

అందరూ పిచ్చుక అని పిలిచే ఆ పిల్ల నోరు తెరిచింది, మింగింది, అడక్కుండానే నాలుక పైకెత్తి చూపించింది. పిల్లలందరూ అలాగే చూపించాలి. మాత్ర నాలుక కింద దాచి, బయటికెళ్ళి ఉమ్మేసేవాళ్ళు ఉంటారు. పిచ్చుకకు దాచడానికి మాత్రే ఉండదు. నలగకుండా గుండుగా ఉన్నది ఏదీ ఆ పిల్ల గొంతు దిగదు. మొదట్లో రోజూ కక్కుకునేది. ఆ బాధ చూడలేక ఆయాయే ఈ తేనె ఉపాయం కనిపెట్టింది.

ఆ గది బాలికల హాస్టల్లో భోజనాల హాలు వెనక ఉంది. ఒక రెక్సిన్ మంచం, అద్దాల బీరువా, అంచు పగిలిన సింకు, ఎప్పుడూ వదలని ఫినాయిల్ వాసన. ఆయా ఇక్కడికి అంట్లు తోమడానికి వచ్చింది. నర్సు మానేశాక మరో నర్సు రాలేదు. మోకాళ్ళ నొప్పితో తొట్టి దగ్గర కూర్చోలేకపోతున్న ఆయాను చూసి, బీరువా తాళంచెవి తాడుకు కట్టి మెడలో వేశారు. "మా అత్తగారిది మెడికల్ లైను" అంటాడు అల్లుడు చుట్టాల ముందు. ఆమె "చాల్లే ఊరుకో" అంటుంది గాని, ఆ మాట ఇంకోసారి అంటే బాగుండుననే ఉంటుంది.

"నా దగ్గర కంటే నీ దగ్గరే వరస పొడుగ్గా ఉంటోంది వదినా," అంది వంటామె గుమ్మంలో నిలబడి. "నా కూరలో కంటే నీ చెంచాలోనే రుచి ఉన్నట్టుంది."

"నీ కూర తిన్నాకే కదే నా దగ్గరికి వస్తున్నారు!"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఒకప్పుడు ఆ వరసలో దగ్గులూ కడుపునొప్పులే ఉండేవి. ఇప్పుడు ఒక్కొక్కరికీ పేరు రాసిన పొట్లం ఉంది. ఆయాకు మాత్రల మీద కోపమేమీ లేదు. పెద్ద క్లాసులో పొడుగమ్మాయి ఒకతె నిద్రన్నది లేకుండా చేతులు గీరుకుని రక్తం తెచ్చుకునేది. మందు పడ్డాకే ఆ పిల్ల మనుషుల్లో పడింది. అది కళ్ళారా చూసింది.

పిచ్చుక సంగతి మాత్రం ఆమెకు కొరుకుడు పడదు.

చేరిన కొత్తలో అది వాగుడుకాయే గాని అల్లరిది కాదు. సాయంత్రమయ్యేసరికి వార్డెన్ గది ముందు కాపు కాసేది, తల్లి ఫోను కోసం. తల్లి చనిపోయింది. ఇంటికెళ్ళి తిరిగొచ్చాక కాళ్ళు నేల మీద ఆగలేదు. ప్రశ్న పూర్తి కాకుండానే జవాబు చెప్పేది, బల్లలెక్కేది. ఒకరోజు నీళ్ళ ట్యాంకు మీద దొరికింది. "పైనించి మా ఇంటి రోడ్డు కనిపిస్తుందేమోనని" అంది. లారీ మీద తిరిగే తండ్రిని పిలిపించి డాక్టరుకు చూపించారు. అడిగినవాటికి టీచరే జవాబులు చెప్పింది. శ్రద్ధ నిలవని జబ్బని తేల్చారు.

"వాళ్ళమ్మ పోయిన సంగతి చెప్పావా బాబూ?" అని గేటు దగ్గర అడిగింది ఆయా.

"వాళ్ళు అడగలేదమ్మా," అన్నాడతను.

ఆయా తమ్ముడూ చిన్నప్పుడు అంతే. కుదురు లేదని అందరూ వాణ్ణి చావగొట్టేవాళ్ళు. ఇప్పుడు తాడుకు వేలాడుతూ మేడలకు రంగులేస్తున్నాడు. ఆ దెబ్బల కంటే ఈ మాత్రే నయం కదా అనుకుని, తృప్తిగానే నలుపుతూ వచ్చింది.

ఇప్పుడు పిచ్చుక క్లాసులో కదలకుండా కూర్చుంటుంది. కంచం మాత్రం ముట్టదు. బుగ్గలు లోపలికి పోయాయి. పొద్దు వాలగానే కంచం విసిరేస్తుంది, ఎదురొచ్చినవాళ్ళను కొరుకుతుంది, గొంతు పోయేదాకా ఏడుస్తుంది.

ఇవాళ డాక్టరమ్మ వచ్చే రోజు. మెత్తగా మాట్లాడే మనిషే, కానీ బయట బెంచీ నిండా పిల్లలు.

"పగలు బంగారం డాక్టరుగారూ," అంది వార్డెన్. "చీకటి పడిందంటే పట్టపగ్గాలుండవు."

"అంటే పగలు మందు పనిచేస్తోంది, సాయంత్రానికి చాలట్లేదు. రేపట్నించి డోసు పెంచుదాం." పిచ్చుక వైపు తిరిగింది. "స్కూలు బాగుందా నాన్నా?"

పిచ్చుక తలూపింది. గోడవారగా నిలబడ్డ ఆయాకు మాట నోటిదాకా వచ్చింది, సాయంత్రం ఒకప్పుడు వాళ్ళమ్మ ఫోను వచ్చే వేళ అని. అప్పటికే ఇంకో పిల్ల లోపలికొచ్చింది.

గుమ్మం దగ్గర డాక్టరమ్మతో వచ్చిన నర్సు కొత్త పొట్లం చేతిలో పెట్టింది. "ఇదీ పాతదానిలాగే గుండుగా మింగించాలి. రోజంతా కొంచెం కొంచెం కరిగే మాత్ర. నలిపారంటే మొత్తం ఒక్కసారే ఎక్కేస్తుంది. నలపట్లేదు కదా?"

"లేదమ్మా."

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. నర్సు వెళ్ళిపోయింది.

ఆయా సింకు పట్టుకుని నిలబడింది. రోజంతటి మందూ పొద్దున్నే ఎక్కిస్తూ వచ్చిందన్నమాట తను. సాయంత్రానికి ఒంట్లో ఏమీ మిగలక ఆ పిల్ల అలా అవుతోందా? అమ్మ గుర్తొచ్చా? నిజంగా జబ్బేనా? ఏది ఎంతో ఆమెకు తెలియదు. తెలియాల్సిన వాళ్ళకు తన చెంచా సంగతే తెలియదు. దాని మీదే డోసు పెంచారు.

చెప్పెయ్యాలనుకుని ఆఫీసు వైపు నడిచింది. లోపల టీ కప్పుల చప్పుడు, నవ్వులు. వార్డెన్ ఎదురొచ్చింది, పిచ్చుక రెక్క పట్టుకుని.

"ఎక్కడికి? కొత్త మాత్ర దీనికి ఇప్పుడే వేసెయ్."

"రేపట్నించి అన్నారు కదండీ. పొద్దున్నది వేసేశాను."

"ఇవాళ సాయంత్రం కూడా ఆ గోల నేను పడాలా? పద."

గదిలో పిచ్చుక గుండుగా మింగబోయింది. కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. మాత్ర తడిగా అరచేతిలోకి తిరిగొచ్చింది.

"రోజూ ఎలా వేస్తావో అలాగే వెయ్యి," అంది వార్డెన్.

"నలపకూడదంట మేడమ్."

"ఇన్నాళ్ళూ నలిపింది ఎవరు? నేను చూడలేదనుకున్నావా? సరే, డాక్టరుగారు ఆఫీసులోనే ఉన్నారు. నువ్వేం చేశావో ఇద్దరం కలిసి చెబుదాం. ఆ తాళంచెవి కూడా అక్కడే ఇచ్చేద్దువుగాని."

పిచ్చుక ఇద్దరి మొహాల వైపూ మార్చి మార్చి చూసింది. ఆయా కాగితం మడిచింది. చెంచా తీసింది. కాగితం లోపల గరగరలాడి, ఆగిపోయింది.

బయట డాక్టరమ్మ కారు వెళ్ళిన చప్పుడైంది.

మధ్యాహ్నం క్లాసు నుంచి పిచ్చుకను తీసుకొచ్చి రెక్సిన్ మంచం మీద పడుకోబెట్టారు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. వంటామె జామకాయ తెచ్చి చేతిలో పెట్టింది. "కాస్త కొరకవే. నా వంట కాదులే, భయపడకు." పిచ్చుక నవ్వలేదు. వంటామె వెళ్ళాక పైకప్పు వైపు తిరిగింది.

"అత్తా, గుండెలో ఎవరో పరిగెడుతున్నారు."

"ఎవరే తల్లీ?"

"తెలీదు. ఆగమంటే ఆగట్లేదు."

ఆయా చెయ్యి వేసి చూసింది. పిడికిట్లో పట్టిన పిట్టలా కొట్టుకుంటోంది. అరికాళ్ళు చల్లగా ఉన్నాయి. వాటిని రుద్దుతుంటే, తెల్లగుడ్లు కనిపించేలా ఆ పిల్ల కళ్ళు ఒక్కసారి తిరిగి, సగం మూతపడ్డాయి. ఆయా పెట్టిన కేకకు హాస్టలంతా వరండాలోకి వచ్చింది.

డ్రైవరు పిల్లను చేతుల మీద ఎత్తుకుని వ్యానులో పడుకోబెట్టాడు. వార్డెన్ పక్కన కూర్చుంది. ఆయా ఎక్కబోతే తలుపు వేసేసింది.

"మేడమ్, నలిపి వేశామని చెప్పండి అక్కడ! పొద్దునొకటి, తర్వాత కొత్తదొకటి. నేనే నలిపానని చెప్పండి!"

వరండాలో పిల్లలంతా విన్నారు. వార్డెన్ ఎదురుగా చూస్తూ కిటికీ అద్దం పైకెత్తింది. ఆయా కుంటుకుంటూ ముందువైపుకు పరిగెత్తి డ్రైవరు చెయ్యి పట్టుకుంది.

"నువ్వన్నా చెప్పు తమ్ముడూ. వాళ్ళు అడక్కపోయినా చెప్పు."

"చెబుతానక్కా. ముందు తప్పుకో."

వ్యాను గేటు దాటి మలుపు తిరిగింది. పిల్లలు ఒక్కొక్కరే లోపలికి వెళ్ళిపోయారు.

గదిలో రెక్సిన్ మంచం మీద చిన్న గుంట ఇంకా పూర్తిగా సర్దుకోలేదు. గోడవైపు జామకాయ పడి ఉంది. దాని మీద ఒక్కటే, చిన్న పంటిగాటు. తెల్లటి కండ అంచుల వెంట అప్పుడే గోధుమరంగు తిరుగుతోంది.