దొర గుమ్మం ముందు కషాయం పిప్పి

మా వీధిలో ఏ ఇంట కషాయం కాచినా, పిప్పి తెచ్చి మూడు దారుల కూడలిలో పోయాల్సిందే. పదిమంది కాళ్ల కింద నలిగితే రోగం ఆ కాళ్ల వెంటే పోతుంది. దారినపోయే వాళ్లలో గొప్ప వైద్యుడెవరైనా ఉంటే మందులో తప్పు కనిపెట్టి చెబుతాడని కూడా పెద్దల మాట. సరిగ్గా ఆ కూడలిలోనే సముద్రం దాటొచ్చిన వైద్యుడు క్రాన్‌స్టన్ దొర ఆసుపత్రి కట్టాడు. దాంతో మా రోగాలన్నీ ఆయన గుమ్మం ముందే పడేవి.

ఆయన ప్రతి పొద్దూ చీపురు పట్టుకుని బయటికొచ్చి, మా భాషను నములుతూ అరిచేవాడు.

"మురికి! మీ మురికంతా నా గుమ్మంలో పోస్తారా?"

"దారి మా తాతల నాటిది. దానికడ్డంగా గుమ్మం పెట్టుకుంది నువ్వేనయ్యా," అనేది సోయా జున్ను అమ్మే మౌ పిన్ని.

ఆ చలికాలం మా అత్త లియావ్‌కు కాళ్లు నీరుపట్టి మంచుముద్దల్లా అయ్యాయి. నది మీద పడవలు లాగే మా ఆయన ఎండలు ముదిరేదాకా రాడు. తాన్ వైద్యుడు వచ్చి, ఆమె మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి, కళ్లు మూసుకుని, ఆమె తిట్లు రెండు విడతలు అయిపోయేదాకా కూర్చుని, బిళ్లలుగా కోసి ఎండబెట్టిన వసనాభి దుంప రాశాడు. మా కొండల్లో పండే దుంపే. బాగా ఉడికితే ప్రాణం నిలబెడుతుంది. ఉడక్కపోతే తీస్తుంది.

"ముందు దీన్నొక్కదాన్నే ఉడకనివ్వాలమ్మా. రెండు అగరొత్తులు, ఒకదాని వెనక ఒకటి కాలేదాకా. అప్పుడు ఒక బిళ్ల కొరికి చూడు. నాలుక తిమ్మిరెక్కిందంటే ఇంకా కాలేదన్నమాట. ఎక్కకపోతేనే మిగతా మూలికలు వెయ్యి," అన్నాడు.

తొమ్మిది రోజులు అలాగే చేశాను. పదో రోజు మొదటి అగరొత్తి సగమైనా కాలకముందే మంచం మీదనుంచి మా అత్త అందుకుంది.

"ఏమే, ఆ కట్టెలు మీ అయ్య మోసుకొచ్చి పడేశాడా? ముసలి పుంజునైనా ఇంతసేపు ఉడికించరే! తియ్యి ఆ మంట!"

తీశాను. మిగతా మూలికలు పడేసి, ఒక్క పొంగు రానిచ్చి దించాను. బిళ్ల కొరకలేదు. వైద్యుడి మాట మరిచిపోయావా అంటే, లేదు. తాగనీ, తెలిసొస్తుంది అనుకున్నాను. ఏం తెలిసిరావాలనుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

ఆమె తాగింది. నేను కూడలిలో పిప్పి పోసి వచ్చేసరికి పెదాలు తడుముకుంటోంది.

"నా మూతి ఏదే?" అంది.

ఆ వెంటనే వాంతులు. గుండె రెండుసార్లు కొట్టుకుని మూడోసారి మరిచిపోతోంది. నేను ఏడుస్తూ తాన్ వైద్యుడి ఇంటికి పరుగెత్తాను. ఆ ఏడుపు విని దొర పిలవకుండానే మా ఇంట్లో దూరాడు. మేం వచ్చేసరికి మా అత్త చేతిలో సూది దించుతున్నాడు. తాన్ వైద్యుడు విరుగుడుగా గబగబా పెసలు, అతిమధురం కాచి తెస్తే దొర అడ్డం నిలబడ్డాడు.

"విషం పెట్టినోడివి. ముట్టుకోకు!"

"ఈమె నా రోగి. పిలవని పెళ్లికొచ్చినోడివి నువ్వు. పక్కకి జరుగు."

ఒక్క ఎముక దగ్గర రెండు కుక్కల్లా మంచానికి అటొకరూ ఇటొకరూ నిలబడ్డారు. ఆయన గుచ్చేది ఆయన గుచ్చాడు, ఈయన పోసేది ఈయన పోశాడు. మధ్యాహ్నానికి గుండె దారిన పడింది. ఏది పనిచేసిందో ఆ గుండెకే తెలియాలి.

దొర అంతటితో ఊరుకోలేదు. కూడలికి పోయి, నేను పోసిన పిప్పిని చేత్తో ఎత్తి గాజు సీసాలో నింపుకుని మా వాకిట్లోకి వచ్చాడు. జనం మూగారు, కానీ సీసాకు దూరంగా.

"ముసలిదాని రోగమంతా పట్టేశాడే! ఇంటికి తీసుకెళ్లి పెంచుకుంటాడు కామోసు," అంది మౌ పిన్ని.

"ఇది సాక్ష్యం. రేపు మీ అధికారి ముందు పెడతా. నీ అంగడి మూయిస్తా. నీ మెడకు ఖైదీల కొయ్యపలక తగిలిస్తా," అన్నాడు దొర తాన్ వైద్యుడితో.

"దారిలో పోసేది తెలిసినవాడు చూస్తాడనే. మూత తియ్యి."

"తియ్యను."

"అందులో ఏముందో నీకూ తెలీదు, అందుకే తియ్యవు."

దొర ముఖం గడ్డం కన్నా ఎర్రబడింది. సీసా వంచాడు. తాన్ వైద్యుడు ఒక బిళ్ల ఏరి మునిపళ్లతో కొరికి, ఊసి, చాలాసేపు నాలుక కదుపుతూ నిలబడ్డాడు. తరువాత నా వైపు చూశాడు.

అత్తకు విషం పెట్టిన కోడలికి మా చట్టంలో తల మిగలదు. అత్త చస్తే ఆ తల తీయడం కూడా నిదానంగా, ఒళ్లంతా ముక్కముక్కగా కోశాకే.

"ఉడకలేదు," అన్నాడు. "నేను రాసింది తప్పు కాదు. ఎవరు ఉడికించారో ఈ ఇల్లే చెప్పాలి."

దొర నా వైపు తిరిగాడు. వీధి మొత్తం తిరిగింది. నోరు తెరిచాను. నేను కొరక్కుండానే నా నాలుక తిమ్మిరెక్కింది.

"మంట తియ్యమన్నది నేను," అంది మా అత్త. గోడ పట్టుకుని గడప దాకా వచ్చింది. "నా కట్టెలు, నా కుండ, నా కడుపు. మధ్యలో నీకేం నొప్పిరా, ఎర్రగడ్డం దయ్యమా?"

"నువ్వు చచ్చిపోయేదానివి!" అని అరిచాడు దొర.

"చస్తే మా కొండ దుంపతో చస్తా. నీ సూదితో బతికానని ఎక్కడైనా చెప్పుకున్నావో, రేపట్నుంచి పిప్పి కాదు, కుండే తెచ్చి నీ గుమ్మానికేసి కొడతా!"

జనం నవ్వారు. వైద్యులిద్దరూ నవ్వలేదు. దొర సీసా తాన్ వైద్యుడి కాళ్ల మీద కుమ్మరించి వెళ్లిపోయాడు. తాన్ వైద్యుడు ఆ పిప్పిని చెప్పుతో నలిపి, నా ముఖం చూడకుండా వెళ్లాడు. మళ్లీ మా గడప తొక్కలేదు. మందు మౌ పిన్ని చేత పంపేవాడు.

మర్నాడు మా అత్త పొయ్యి పక్కనే మంచం వేయించుకుంది. రెండు అగరొత్తులూ తన చేత్తోనే వెలిగించింది. రెండోది ఆరాక, "బిళ్ల తియ్యి. నా ఎదురుగా కొరుకు," అంది.

కొరికాను.

"కూర్చో. నా పేరు పలుకు."

కోడలు అత్త పేరు పలకడం మాకు లేదు. పలికాను. నాలుక తిన్నగానే ఆడింది.

"ఊఁ. ఇప్పుడు మిగతావి వెయ్యి," అంది. తరువాత గొంతు తగ్గించింది. "మంట తియ్యమన్నది నేనని వీధికి చెప్పా. కొరక్కుండా పోసింది నువ్వని చెప్పలా. చెప్పను కూడా."

ఆ గొంతులో జాలి లేదు.

పిప్పి తీసుకెళ్లి ఎప్పటిలా దొర గుమ్మం ముందే పోశాను. ఆయన చీపురుతో వచ్చాడు. ఊడ్చే ముందు వంగి, ఒక బిళ్ల తీసి కొరికి, నన్నే చూస్తూ కాసేపాగి, నా కాళ్ల దగ్గర ఊశాడు.

మా అత్త ఇంకా పదకొండేళ్లు బతికింది. ప్రతి చలికాలం, ప్రతి పొద్దూ, ఆమె ఎదురుగా కూర్చుని ముందు నేను కొరికాను.