తల వంచి రాసిన వాక్యం

సువా రేవుకు ఎదురుగా ఉన్న తూర్పు దీవుల నౌకా సంస్థలో తోరికా ఊళ్లో ఉందంటే ఆమె చెయ్యి పడకుండా ఒక్క ఉత్తరం కూడా గడప దాటేది కాదు. ఆమె ఎర్ర పెన్సిలంటే గుమాస్తాలకు హడల్. "త్వరలో" అని రాసినవాణ్ణి పిలిచి, "త్వరలో అంటే ఎప్పుడు నాయనా? ఈ వారమా, ఈస్టరుకా, నీ మనవళ్ల కాలానికా?" అని అడిగేది. "అనివార్య కారణాల వల్ల" అని రాస్తే, "ఇంజను చెడిందని చెప్పడానికి సిగ్గెందుకు? చెడగొట్టింది నువ్వు కాదుగా" అనేది. "సానుకూలంగా పరిశీలిస్తాం" అన్న మాట కనబడితే ఇక నోరు కూడా విప్పేది కాదు, కాగితాన్ని అడ్డంగా గీసి వెనక్కి ఇచ్చేసేది. వ్యాపారంలో మాట కూడా సరుకేనని ఆమె నమ్మకం. తక్కువ తూచినా మోసమే, ఎక్కువ తూచినా మోసమే.

అంత గట్టి మనిషి కాబట్టే సంస్థ ఆమెను నెత్తిన పెట్టుకుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలియనట్టు నటించే ఓపిక ఆమెకు లేదు. మొన్నటికి మొన్న నాందీలో హోటళ్లవాళ్లు పిలిపించుకుని మరీ తమ గుమాస్తాలకు ఉత్తరాలు రాయడం నేర్పించుకున్నారు. అక్కడ చప్పట్లు కొట్టించుకుని వచ్చి ఇంకా నెల తిరగలేదు.

ఆ పొద్దున లైతియా వచ్చాడు. సంస్థ ఓడ 'వూలా'కు అతను కెప్టెను, తోరికాకు మేనత్త కొడుకు. వరసకు బావ కాబట్టి ఎదురుపడితే ఆడిపోసుకోవడం ఇద్దరికీ హక్కు.

"ఏం బావా, పొట్ట ఇంత పెరిగాక ఓడ ఒకవైపుకు ఒరగట్లేదూ?" అంది తోరికా, తల ఎత్తకుండానే.

లైతియా నవ్వలేదు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఇవాళ నవ్వడానికి రాలేదు మరదలా. నాకోరోవా నుంచి కబురు తెచ్చాను. మీ మామ పంపాడు."

"ఏమన్నాడు మామ?"

"'చాపలు మడిచేశాం, తోరికా ఇక మా ఊరు రానక్కర్లేదని చెప్పు' అన్నాడు."

తోరికా పెన్సిలు కింద పెట్టింది. నాకోరోవా ఆమె తల్లి పుట్టిన ఊరు. అక్కడి పెద్ద సాకరాయా తల్లికి సొంత తమ్ముడు. ఆ దీవుల్లో ఆడపడుచు బిడ్డ అంటే ఊరికే ముద్దు కాదు, అధికారం. మేనమామ ఇంట్లో ఏ వస్తువు మీద వేలు పెట్టి ఇది నాదంటే అది ఆ బిడ్డదే. చిన్నప్పుడు తోరికా వేలు చూపించిన కోడిపుంజు మర్నాడు సువా పడవ ఎక్కింది. అలాంటి మామ నోటి నుంచి రావద్దన్న మాట రావడమంటే కాళ్ల కింద నేల లాగేసినట్టే. ఆమెకు ఏడుపు వచ్చింది, కోపమూ వచ్చింది, ముందు కోపమే మాట్లాడింది.

"ఆ రోజు ఊళ్లో ఓడ ఆపలేదని నా మీద అలకా? నడిపింది నువ్వు."

"ఓడ ఆపలేదని ఎవరికీ కోపం లేదు."

లైతియా కూర్చుని మొదటి నుంచీ చెప్పాడు. నాకోరోవా మంత్రసాని ఉనైసి అవ్వ సువా ఆసుపత్రిలో పోయింది. శవపేటికను వూలాలోనే తీసుకెళ్లారు. ఊళ్లో గొయ్యి తవ్వి, పక్క ఊళ్ల జనం కూడా వచ్చి తీరంలో నిలబడ్డారు. ఓడ లోపలికి దూరాల్సిన పగడపు దిబ్బ సందు దగ్గర గాలి విపరీతంగా ఉంది. లైతియా ఓడను తిప్పేశాడు, పేటికను పక్క దీవిలో దించాడు. అది చిన్న పడవలో, వానలో తడుస్తూ ఊరు చేరేసరికి వచ్చిన జనం సగం మంది వెళ్లిపోయారు.

"ఆ గాలిలో సందులోకి దూరి ఉంటే ఇంకా చాలా పేటికలు కావలసివచ్చేవి. అది వాళ్లకూ తెలుసు, వాళ్లూ సముద్రంలో పుట్టినవాళ్లే," అన్నాడు. "వాళ్ల బాధ నీ ఉత్తరంతో."

"నేనేం రాశాను? నేను అప్పుడు నాందీలో ఉన్నాను."

లైతియా చొక్కా జేబులోంచి కాగితం తీసి విప్పాడు. సంస్థ ముద్ర, మేనేజరు సంతకం, చివర ఒక వాక్యం. 'మీకు కలిగిన అసౌకర్యానికి మా సంస్థ మీ ముందు తల వంచి క్షమాపణ వేడుకుంటోంది.'

ఆ వాక్యం తోరికాదే. చేరిన కొత్తలో, పెద్దవాళ్ల మెప్పు కోసం, నిండుగా ఉంటుందని రాసింది. అప్పటి నుంచి ప్రతి ఉత్తరం అడుగునా అదే పోతోంది. ఉల్లిపాయలు ఆలస్యమైతే అదే, పిండి తడిస్తే అదే, వునిలేవా రేవులో సరుకు దించుతుంటే తాడు తెగి ఒకతని చెయ్యి నలిగిపోయినప్పుడూ అదే. అందరి మాటలూ గీసిపారేసిన పెన్సిలు ఇన్నేళ్లలో ఆ వాక్యం జోలికి మాత్రం పోలేదు. సొంత బిడ్డ ముక్కు వంకర ఏ తల్లికి కనబడుతుంది.

"ఇది చదివి వినిపించగానే ఊరంతా మెత్తబడింది," అన్నాడు లైతియా. "'వస్తున్నారు, తల వంచడానికి వస్తున్నారు' అన్నారు. తర్వాతి ఓడ రోజుకు ఊరి పెద్దింట్లో కొత్త మొగలి చాపలు పరిచారు. పందిని కోశారు, నేలలో గొయ్యి తవ్వి లోవో పొయ్యి వెలిగించారు. మీ మామ పెట్టెలోంచి మంచి చొక్కా తీశాడు. ఉనైసి అవ్వ కూతుర్ని మధ్యలో కూర్చోబెట్టారు. నేను పోయి పిండి బస్తాలు, కిరసనాయిలు దించాను. 'మీవాళ్లేరీ' అన్నాడు మామ. 'ఎవరు మామా' అన్నాను."

"పందిని ఏం చేశారు?"

"ఏం చేస్తారు, తిన్నారు. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోకుండా తిన్నారట."

అక్కడ అంత పెద్ద క్షమాపణ నోటితో చెప్పేది కాదు. నడిచి వెళ్లి, తిమింగలం దంతం రెండు చేతులతో పట్టుకుని, నేల మీద కూర్చుని ఇచ్చేది. తోరికాకు అది తెలియక కాదు, ఉగ్గుపాలతో తెలుసు. ఆఫీసు మెట్లెక్కేటప్పుడు తెలిసినవి కొన్ని కింద చెప్పుల దగ్గరే వదిలేసి వస్తాం. ఆమె చేసిందీ అదే.

మేనేజరు జోవిలిసి ఆక్లండులో చదువుకున్న మనిషి, మంచివాడే, కాకపోతే ప్రతి జబ్బుకూ కాగితమే మందు అనుకుంటాడు. అంతా విని, "ఇంకో ఉత్తరం రాయి. నువ్వు మనసుపెట్టి రాస్తే రాళ్లు కూడా కరుగుతాయి," అన్నాడు.

"రాళ్లు కరిగాయి సార్, చాపలు కూడా పరిచాయి. వెళ్లనిది మనం."

"దంతం పట్టుకుని వెళితే తప్పు ఒప్పుకున్నట్టే కదా. లాయరు ఊరుకుంటాడా?"

"తల వంచి ఒప్పుకుంటున్నామని ఇన్నేళ్లుగా కాగితం మీద రాసి పంపుతూనే ఉన్నాం. కింద సంతకం మీది. అప్పుడేమన్నాడు మీ లాయరు?"

జోవిలిసి కుర్చీలో వెనక్కి వాలాడు. "పోనీ నువ్వొక్కదానివే వెళ్లు. ఆడపడుచు బిడ్డవి. మామ దగ్గర కూర్చుని అడిగితే కాదనడుగా."

"కాదనడు. అందుకే అడగను," అంది తోరికా. "మీరూ రావాలి. ఆ అద్దాల పెట్టె తాళం ఇటివ్వండి."

జోవిలిసి తల వెనక గోడకు అద్దాల పెట్టెలో ఒక తిమింగలం దంతం ఉంది. సంస్థ పెట్టిన రోజున ఎవరో పెద్దలు ఇచ్చింది. అప్పటి నుంచి అలంకారంగానే వేలాడుతోంది, తోరికా వాక్యంలాగే. ఆమె దాన్ని తీసి, దుమ్ము తుడిచి, పీచు తాడు సరిచేసింది.

తర్వాతి ఓడలో ముగ్గురూ బయల్దేరారు. జోవిలిసి దారి పొడుగునా ఓడ అంచు పట్టుకుని కక్కుతూనే ఉన్నాడు. "మీ ఉత్తరాలు రోజూ ఇలాగే ప్రయాణం చేస్తాయి సార్, పాపం ఒక్కటీ కక్కలేదు," అన్నాడు లైతియా.

నాకోరోవాలో దిగి, ఊరి మొదటి ఇల్లు ఇంకా రాకముందే ఇసుకలో కూర్చున్నారు. దంతం లైతియా చేతుల్లో ఉంది. ముగ్గురి తలలూ వంగి ఉన్నాయి. పిల్లలు పరుగెత్తుకొచ్చారు, వాళ్లను ఎవరో కసిరి లోపలికి లాక్కుపోయారు. ఎండ ఎక్కింది. ఊరు చూస్తోందని తెలుస్తూనే ఉంది, పలకట్లేదు.

చివరికి సాకరాయా బయటికి వచ్చాడు. వచ్చి తోరికాను ఒక్కదాన్నే చూశాడు.

"మా అక్క కూతురిలా ఉందే. ఎండలో కూర్చుంటావేంటే పిచ్చి పిల్లా. లే, లోపలికి రా. చేమదుంపలు ఉడికాయి. ఆ ఇద్దరి సంగతి తర్వాత చూద్దాంలే."

రావద్దన్న మనిషే పిలుస్తున్నాడు. జోవిలిసి మోచేత్తో పొడిచాడు, వెళ్లమని. తోరికాకు లేచి పోయి మామ భుజం మీద తల పెట్టుకుని ఏడవాలని ఉంది. ఆ రెండు అడుగులూ వేస్తే ఊరు ఆమెకు తిరిగి దక్కుతుంది. కానీ అప్పుడు ఇదంతా మామకూ మేనకోడలికీ మధ్య అలకగా తేలిపోతుంది, ఉనైసి అవ్వ కూతురికి దక్కేది ఏమీ ఉండదు. ఆ కూతురు మామ వెనకే, నల్లబట్టల్లో, చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"నేను అక్క కూతురిగా రాలేదు మామా," అంది తల ఎత్తకుండా. "ఆ వాక్యం రాసినదాన్నిగా వచ్చాను."

సాకరాయా వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. చాలాసేపు ఎవరూ రాలేదు. జోవిలిసి మెడ ఎండకు ఎర్రబడింది, అతను కూడా కదల్లేదు, అది అతని గొప్పే. ఇక ఇంతే కాబోలని తోరికా అనుకుంటున్నప్పుడు పెద్దింట్లోంచి రమ్మని పిలుపు వచ్చింది.

లోపల చాపలు పరిచి ఉన్నాయి. లైతియా మోకాళ్ల మీద ముందుకు జరిగాడు. "గాలి చూసి ఓడను తిప్పాను, అది నా పని. అవ్వను పక్క దీవిలో దించి, మీకు కబురు కూడా పెట్టకుండా వెళ్లిపోయాను, అది నా తప్పు," అన్నాడు.

పెద్దలు తోరికా వైపు చూశారు. దారంతా ఆమె చాలా మాటలు కూర్చుకుంది, అక్కడ ఒక్కటీ పనికిరాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "నన్ను ఈ లోకంలోకి తెచ్చింది ఉనైసి అవ్వ. ఆవిడ పేటిక వానలో తడిస్తే దానికి అసౌకర్యం అని రాశాం. ఉల్లిపాయలకు రాసే మాట అది. తల వంచుతున్నాం అని రాశాం, వంచలేదు. మీరు చాపలు పరుచుకుని కూర్చున్నారు. ఆ సిగ్గు మీది కాదు, మాది."

సాకరాయా అవ్వ కూతురి వైపు చూశాడు. ఆమె కళ్లు తుడుచుకుని తల ఊపింది. అప్పుడు అతను ముందుకు వంగి దంతం అందుకున్నాడు. అరచేతులు దొప్పల్లా వంచి అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇవాళ అందింది మీ ఉత్తరం," అన్నాడు.

ఆ తర్వాత యాంగోనా వేరు రసం చిప్పలు తిరిగాయి, చేమదుంపలు వచ్చాయి, కొబ్బరిపాలలో చేప వచ్చింది. పంది మాత్రం రాలేదు. "ఒకసారి కోశాం, రానిది మీరు," అన్నాడు మామ, ఇల్లంతా నవ్వింది. తోరికా ఈసారి అతని పక్కనే కూర్చుంది. అతను చేప ముల్లు తీసి ఆమె ఆకులో పెడుతూ, ఊరికే అడిగినట్టు అడిగాడు.

"ఆ మాట ఇంకెన్ని ఊళ్లకు రాశావే?"

తోరికా ముద్ద ఆకులో వదిలేసింది. ఉల్లిపాయల ఊళ్లు పోనీ, వాళ్లు నవ్వుకుని ఊరుకుని ఉంటారు. వునిలేవా గుర్తొచ్చింది, ఆ నలిగిన చెయ్యి గుర్తొచ్చింది. ఆ ఉత్తరం అందిన రోజు అక్కడ ఎవరు ఏ పెట్టెలోంచి మంచి చొక్కా తీశారో.

"బావా, రేపు వునిలేవాలో ఆగుతామా?" అంది.

"పిండి దించాలి, ఆగాలి."

తోరికా చెయ్యి కడుక్కుని లేచింది. గుమ్మం పైన దూలానికి ఒక దంతం వేలాడుతోంది. పొగకు పసుపెక్కి, పట్టుకుని పట్టుకుని నున్నబడిపోయిన దంతం. ఆమె దాని మీద వేలు పెట్టింది.

"మామా, ఇప్పుడు అక్క కూతురిగా అడుగుతున్నాను."

"అది మా తాతదే," అన్నాడు సాకరాయా.

"తెలుసు."

"కోడిపుంజు పోయింది, ఇప్పుడు ఇది. ఇంక ఆ దూలం కూడా పట్టుకుపో." గొణుగుతూనే పీట ఎక్కి తాడు విప్పాడు. దాన్ని ఆమె రెండు చేతుల్లో పెట్టి, ఆ చేతుల్ని కాసేపు వదల్లేదు.

జోవిలిసి యాంగోనా చిప్ప కింద పెట్టాడు. "వునిలేవా వాళ్లకు ముందుగా ఒక ఉత్తరం పంపితే బాగుంటుందేమో," అన్నాడు.

తోరికా దంతం తాడు ముంజేతికి చుట్టుకుంటోంది. "వద్దు సార్. ఈసారి వాళ్లు చాపలు పరిచేలోపే మనం అక్కడ కూర్చుని ఉండాలి."