రెండు పేటల దారం

ఆ ఇంట్లో పొద్దున్నే టీ గ్లాసులతోపాటు ఒక తగాదా కూడా బల్లమీదికి వచ్చేది. తండ్రి పుస్తకాలు బైండు చేసేవాడు. కూతురు హైస్కూల్లో సైన్సు టీచరు. ఇంటి ముందుగదే ఆయన కొట్టు. అట్టలు, దారపు ఉండలు, కాగితాలు అణిచిపెట్టే ఇనప ప్రెస్సు, మైదా జిగురు డబ్బా, వీటి మధ్యనే ఒక మూల చిన్న బల్ల, రెండు కుర్చీలు. ఎంత కడిగినా వేళ్లకు జిగురు వదిలేది కాదు కాబట్టి వీధిలో అందరూ ఆయన్ని జిగురుతాత అనేవారు. దేవుడి పుస్తకంలో ఒక్క పేజీ చదివితే గాని ఆయన సూది ముట్టేవాడు కాదు.

తగాదా దేనిమీదంటే, మనిషిని దేవుడు చేశాడా, లేక కోట్ల ఏళ్ల పరిణామంలో మెల్లగా మనిషయ్యాడా అని. కూతురు బడిలో ఆ పాఠం విని వచ్చిన రోజు మొదలైందది. మొదట్లో ముచ్చటగానే ఉండేది. "మీ అమ్మ తరఫువాళ్లు కోతుల్నించే వచ్చారు, అందులో నాకూ అనుమానం లేదు. మావాళ్ల సంగతే నేనొప్పుకోను" అనేవాడాయన. తల్లి వంటింట్లోంచి గరిటె చూపించేది, ముగ్గురూ నవ్వుకునేవారు. తల్లి పోయాక ఆ తగాదాలో నవ్వించే మనిషి లేకుండా పోయింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఇద్దరూ భీష్మించుకుని కూర్చున్నారు.

అలాగని ప్రేమ లేదనుకునేరు. ఏటా వేసవి సెలవుల్లో ఆమె పాఠ్యపుస్తకం వీపు ఊడిపోయి ఇంటికి వచ్చేది. ఆయన కుట్టు విప్పి, ఫారాలనే కాగితాల మడతలు వేరు చేసి, కొత్త దారంతో కుట్టి, కొత్త అట్ట వేసి ఇచ్చేవాడు. తనకు గిట్టని ఆ పాఠాన్ని కూడా మిగతావాటిలాగే కుట్టేవాడు.

ఒక ఏడు వానాకాలంలో ఆయనకు దగ్గు పట్టుకుంది. పాతకాగితాల దుమ్మేలే అనుకున్నారు. నెల దాటినా తగ్గక ఆస్పత్రికి వెళితే క్షయ అని తేలింది. భయపడాల్సిందేమీ లేదని, ఆరు నెలలు ఒక్క పూటా మానకుండా మాత్రలు వేసుకుంటే పూర్తిగా నయమవుతుందని డాక్టరు చెప్పింది. ఆయన బుద్ధిగా మొదలుపెట్టాడు. రెండు నెలలకల్లా దగ్గు పోయింది, ఆకలి పుట్టింది, చొక్కా బిగుతైంది. ఒక పొద్దున టీ తాగుతూ, "దేవుడి దయ వల్ల బయటపడ్డానమ్మా" అన్నాడు.

ఇంకో రోజైతే ఆమె "అవును నాన్నా" అని ఉండేదేమో. ముందురోజు స్కూల్లో ఒక పిల్ల తండ్రి వచ్చి, పరిణామం పాఠం చెప్పడానికి వీల్లేదని హెడ్మాస్టరు ముందే ఆమె మీద కేకలేసి వెళ్లాడు. అక్కడ నోరు మూసుకున్న ఆ కోపం ఇక్కడ తెరుచుకుంది. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టయింది.

"దయ కాదు నాన్నా, మందులు. ఆరు నెలలు ఎందుకు వేసుకోమన్నారో తెలుసా? నీ రొమ్ములో ఉన్న క్రిములన్నీ ఒకే రకం కాదు. మెతకవి ముందు చస్తాయి, మొండివి మిగులుతాయి. మధ్యలో మానేస్తే ఆ మొండివాటి సంతానమే పెరుగుతుంది, తర్వాత ఏ మందుకూ లొంగదు. దీన్నే ప్రకృతి వరణం అంటారు. నువ్వు లేదన్న పరిణామం నీ ఒంట్లోనే జరుగుతోంది."

అక్కడితో ఊరుకున్నా సరిపోయేది. ఆమె ఊరుకోలేదు.

"నువ్వు మింగే ఒక్కో మాత్రా నా మాట ఒప్పుకుంటూ పెడుతున్న సంతకమే" అంది.

ఆయన లేచి వెళ్లి గ్లాసు కడిగి బోర్లించాడు. ఇరవై ఏళ్ల తగాదాలో ఆయన మాట లేకుండా లేవడం అదే మొదటిసారి. ఆ రోజు స్కూలుకు నడుస్తుంటే ఆమెకు హాయిగా అనిపించింది.

చదువరులు గమనించాలి. ఆమె చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. రోగికి తెలియాల్సిన మాటే అది. అయితే ఆమె ఆ మాటను మందులా ఇవ్వలేదు, రాయిలా విసిరింది. పడ్డ చోట అది ఏం చేసిందో తెలియడానికి మూడు నెలలు పట్టింది.

దగ్గు మళ్లీ వచ్చింది. ఈసారి రుమాలులో రక్తం పడింది. పరీక్షలు చేసి, వాడుతున్న మందుల్లో ముఖ్యమైన రెండూ ఇక పనిచేయవని చెప్పారు. మధ్యలో మానేశారా అని డాక్టరు అడిగితే ఆయన తన చేతుల వంక చూసుకుంటూ కూర్చున్నాడు. మా నాన్న అలాంటివాడు కాదని ఆమే గట్టిగా చెప్పింది.

ఇంటికి వచ్చి, కొత్త మందుల అట్ట కత్తిరించడానికి కత్తెర కోసం వెతుకుతూ ఆమె పాత సూదుల డబ్బా తీసింది. సూదుల కింద మాత్రలున్నాయి. గుప్పెడు కాదు, సగం డబ్బా. జిగురు అంటిన వేళ్లతో దాచినవి కాబట్టి కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

"ఎందుకు నాన్నా?" అంది.

"అన్నీ మానలేదమ్మా. భయం వేసిన రోజు వేసుకున్నాను. నువ్వన్న మాట గుర్తొచ్చిన రోజు చెయ్యి రాలేదు." డబ్బా మూత పెడుతూ అన్నాడు. "మనసులో ఒప్పుకోకుండా సంతకం ఎలా పెట్టను?"

ఇలా కొన్ని రోజులు వేసుకుని కొన్ని రోజులు మానడం వల్లే క్రిములు మొండికెత్తాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారు. కొత్త మందులు ఘాటైనవి, ఆయన ఒళ్లు అప్పటికే గుల్లయింది. ఆ నెలల్లో ఆమె తగాదా ఊసెత్తలేదు. రోజూ మాత్ర అరచేతిలో పెట్టి, "నా కోసం వేసుకో నాన్నా" అనేది, ఆయన వేసుకునేవాడు. ఈ ఒక్క మాట ముందే అని ఉంటే ఎంత బాగుండేదో ఆమెకు తెలుసు. ఒంట్లో కాస్త ఓపిక ఉన్నపూట ఆయన ముందుగదిలో కూర్చుని ఏదో కుట్టుకునేవాడు. బడులు తెరవడానికి పది రోజుల ముందు పోయాడు.

పరామర్శకు తండ్రి వెళ్లే ప్రార్థనాలయం పెద్దాయన వచ్చాడు. ఆమె కుర్చీ చూపించలేదు. తన మాట గుచ్చుకున్నా, మందులు మానమని చెప్పింది మాత్రం ఈ మనిషేనని ఆమెకు లోపల గట్టి నమ్మకం. ఆ మాట మొహం మీదే అనేసింది.

పెద్దాయన నిలబడే చెప్పాడు. "మీ నాన్న నా దగ్గరికి వచ్చిన మాట నిజమేనమ్మా. మందు వేసుకుంటే దేవుణ్ణి కాదన్నట్టా అని అడిగాడు. నేను రోజూ షుగరు మాత్రలు వేసుకుంటానయ్యా, దేవుడు ఇంతవరకూ ఏమీ అనుకోలేదు అన్నాను. నవ్వాడు. 'దేవుడు అనుకోడు లెండి, మా అమ్మాయి అనుకుంటుంది, గెలిచానని' అన్నాడు. ఆ పూటే నేను నీ దగ్గరికి రావాల్సింది. నన్ను గుమ్మం ఎక్కనివ్వవేమోనని రాలేదు. నీ పంతం, ఆయన పంతం, నా బిడియం, మూడూ కలిసి ఒక మంచి మనిషిని తినేశాయి."

ఆమె అప్పుడు కుర్చీ జరిపింది. పెద్దాయన కూర్చున్నాడు.

బడులు తెరిచే ముందురోజు ఆమె తన పాఠ్యపుస్తకం కోసం వెతికింది. అది ప్రెస్సు కింద అణిచిపెట్టి ఉంది. మర తిప్పి బయటికి తీసింది. కొత్త అట్ట, కొత్త వీపు. పరిణామం పాఠం దగ్గర తెరిచింది. ఏళ్ల తరబడి ఎక్కువసార్లు తెరిచింది ఆ పాఠమే కాబట్టి, ఎక్కువ చిరిగిందీ అదే. చిరుగు ఉన్న ప్రతి పేజీకీ అక్షరాలు కనిపించేలా పల్చటి కాగితం అంటించి ఉంది. మిగతా ఫారాలన్నీ ఒంటి దారంతో కుట్టిన మనిషి, ఆ ఒక్క ఫారం మాత్రం రెండు పేటలు వేసి కుట్టాడు. ఊపిరి అందని రోజుల్లో, తాను ఒప్పుకోని పాఠం కూతురి చేతుల్లో ఊడిపోకూడదని కుట్టాడు. ఆమె ఆ కుట్టు మీద వేలు పెట్టి తల్లి పోయిన నాటికన్నా ఎక్కువ ఏడ్చింది.

ఆ ఏడు ఆ పాఠం వచ్చినప్పుడు ముందు బెంచీలో పిల్ల లేచి, ఇదంతా అబద్ధమని మా నాన్న చెప్పారు టీచర్ అంది. ఇదివరకైతే ఆమె దగ్గర తడుముకోని జవాబు ఉండేది. ఇప్పుడు సుద్దముక్క బల్లమీద పెట్టి, పిల్ల దగ్గరికి వచ్చింది.

"పాఠం నిజమేనమ్మా. దాన్ని నేను దాచను, మార్చను. నువ్వు బాగా నేర్చుకో. ఇంటికెళ్లి మీ నాన్నతో మాత్రం పందెం కాయకు. ఆయన పక్కన కూర్చుని మెల్లగా చెప్పు. ఒప్పుకోకపోతే మళ్లీ ఇంకోరోజు చెప్పు. మనం నిజం చెప్పేది మనవాళ్లు బాగా బతకాలని. నేను ఒకసారి మా నాన్న మీద గెలిచాను. ఇప్పుడు మా ఇంట్లో పొద్దున్నే టీ ఒక్క గ్లాసే పెడుతున్నాను."