రెండో జట్టు ల్యాబ్

రేపల్లెలోని ఒక డిగ్రీ కాలేజీలో టైంటేబుల్ వేసే వినయ్ కుమార్ మాస్టారు ఆ పూట టీ పక్కన పెట్టి లెక్చరర్ల పనిగంటలు మళ్లీ కూడారు. లోడు చాలకపోతే గోడే! వారానికి పదహారు గంటలు చూపకపోతే బోటనీ గెస్ట్ లెక్చరర్ దీవెన ఉద్యోగం పోతుంది. ఆమె రాసిచ్చినవి పద్నాలుగే. మాస్టారు ఆమెను పిలిచి అడిగారు.

"ల్యాబ్ రెండు గంటలేనా అమ్మా?"

"పిల్లలకి ల్యాబ్‌కి వచ్చేది ఒక క్రెడిట్, దానికి వారానికి రెండు గంటలే కదండి సార్. మైక్రోస్కోపులు చాలక, సగంమందికి శనివారం మళ్లీ చేయిస్తున్నాను. అది రాయలేదండి."

"ఏంటీ! అందుకోసం తెనాలి నుంచి వస్తున్నావా? క్రెడిట్ పిల్లలది తల్లీ, గంటలు నీవి!"

మాస్టారు పద్నాలుగు కొట్టేసి పదహారు వేశారు. సంతకం పెడుతూ, ఇన్నేళ్లలో లెక్కలో రాయని పాఠం తాను ఒక్క గంటైనా చెప్పానా అని ఆలోచనలో పడ్డారు.