సగం రోజులు

రాయిని అరగదీయడం ఓపికతో కూడిన పని. రంపపు చక్రం మీద పెట్టి బిస్కెట్టంత ముక్క కోయాలి. దాన్ని గాజు పలకకు అంటించి, గరుకుపొడీ నీళ్ళూ కలిపి, తలవెంట్రుక కన్నా పలచబడేదాకా రుద్దాలి. అప్పుడు గాని సూక్ష్మదర్శిని కింద రాయిలోంచి వెలుగు ఇవతలికి రాదు. ఒక్క క్షణం తొందరపడినా రాయి మొత్తం నీళ్ళలో కొట్టుకుపోతుంది, చేతిలో ఉత్త గాజు మిగులుతుంది.

కాలేజీలో భూగర్భశాస్త్రం వాళ్ళ దగ్గర ఇరవై రెండేళ్ళుగా ఆ పని చేస్తున్నావిడను అందరూ రాళ్ళమ్మ అంటారు. పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. మిషన్ స్విచ్చి వేసే ముందు రోజూ ఒకసారి కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటుంది. సీట్ల జాబితా వచ్చే ఆ రోజు మాత్రం ప్రత్యేకంగా ఒక కోరిక కోరింది: "స్వామీ, నాకు కోపం రానీయకు."

ఆయన వినలేదు.

ఆమె అక్క కూతురు అక్కడే చదువు ముగించి, పరిశోధన సీటుకు అర్జీ పెట్టుకుంది. మార్కుల్లో అందరికన్నా ముందుంది. సీటుకు ఇంకో నిబంధన ఉంది. ముప్పై రోజులు క్యాంపుకెళ్ళి కొండల్లో పని చేసినట్టు డిపార్ట్‌మెంటు హెడ్డుగారి సంతకం కావాలి. క్యాంపు నడిపేదీ, సంతకం పెట్టేదీ ఆయనే. మగపిల్లలు కొండ కింద డేరాలు వేసుకుని నెల రోజులుంటారు. ఆడపిల్లలకు అక్కడ మరుగుదొడ్డి లేదని, పొద్దున బస్సులో తీసుకెళ్ళి సాయంత్రం తీసుకొస్తారు. రానూపోనూ నాలుగు గంటలు బస్సులోనే. అందుకని వాళ్ళకు రోజుకు సగం చొప్పున రాస్తారు. ముప్పై రోజులూ ఎండలో కొండెక్కి దిగిన పిల్లకు కాగితం మీద పదిహేను మిగిలాయి.

ఆ ఉదయం ఫొటోగ్రాఫరు వచ్చాడు. సమాన అవకాశాల కమిటీ వాళ్ళు ఒక పుస్తకం వేస్తున్నారు, అట్ట మీదికి ఒక ఆడపిల్ల కావాలి. అమ్మాయి నెత్తిన పసుపు టోపీ పెట్టి, చేతికి కొత్త సుత్తి ఇచ్చి, తోటలో అలంకారానికి తెచ్చి పెట్టిన బండ ముందు నిలబెట్టారు. "కొంచెం గర్వంగా నవ్వమ్మా" అన్నాడు ఫొటోగ్రాఫరు. పిల్ల నవ్వింది. మధ్యాహ్నం గోడ మీద జాబితా అంటించారు. ఆమె పేరు ఎదురుగా "అర్హత లేదు" అని ఉంది.

"ఏంటే ఇది?" అంది రాళ్ళమ్మ, తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చి.

"పదిహేను రోజులు తక్కువట పిన్నీ."

"పొద్దున సుత్తి పట్టుకుని నవ్వినప్పుడు తక్కువ కాలేదా?"

"ఊరుకో పిన్నీ, అందరూ చూస్తున్నారు. ఏదో ఒక ఉద్యోగం వెతుక్కుంటాలే."

రాళ్ళమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. పందిట్లోకి బొమ్మనేమో పిలిచి, మనిషినేమో గుమ్మం బయట నిలబెట్టారన్న మాట! కొండలు చేసిన దేవుడు ఇది మగవాళ్ళది, ఇది ఆడవాళ్ళది అని ఎక్కడైనా గీత గీశాడా? తనకు తెలిసినంతలో లేదు. ఉంటే ఇన్ని వేల రాళ్ళు అరగదీసింది, ఏదో ఒక దాంట్లో కనపడేది.

మర్నాడు పదకొండింటికి ఆ పుస్తకం వేస్తున్న కమిటీ సమావేశం. ఎవరైనా వచ్చి చెప్పుకోవచ్చని నోటీసు బోర్డులో ఉంది కాబట్టి రాళ్ళమ్మ వెళ్ళింది. ఒక చేతిలో రాళ్ళ ట్రే, చంకలో తన రిజిస్టరు. వెనకాల బలిపశువులా అమ్మాయి. బల్లకు అటువైపు హెడ్డుగారు, పక్కన బయటి నుంచి వచ్చిన కమిటీ అధ్యక్షురాలు. ఆవిడ జుట్టు నెరిసిన ఇంజనీరు, అప్పటిదాకా టీ కప్పులోకి చూస్తూ కూర్చుంది.

"ఏం రాళ్ళమ్మా, ఇక్కడ కూడా అరగదీస్తావా?" అన్నారు హెడ్డుగారు నవ్వుతూ.

"అరగదీయకపోతే లోపల ఏముందో కనపడదు కదండీ." ట్రే బల్ల మీద పెట్టింది. "ఇవి క్యాంపు నుంచి నా దగ్గరికొచ్చిన రాళ్ళు. ఏది ఏ రూపులో వచ్చిందో నేను రాసుకుంటాను. లేకపోతే చక్రం పాడవుతుంది. కొండని కొట్టి తెచ్చిన రాయికి ఒక పక్కయినా పచ్చిగా, పదునుగా విరిగిన ముఖం ఉంటుంది. ఇదిగో మా పిల్లది. ఉత్తరం దిక్కు ఎటో దాని మీద గీత కూడా గీసుకుంది. ఇప్పుడు ఇది చూడండి. కోడిగుడ్డులా ఎంత నున్నగా ఉందో! కొండ ఎక్కనే లేదు, కింద ఏట్లో ఏరుకొచ్చారు."

"పిల్లలన్నాక..." అని హెడ్డుగారు ఏదో అనబోయారు.

"ఇంకా ఉంది సార్. దీనికి తారు అంటుకుంది. ఏ కొండకి తారు కారుతుందో మీరే చెప్పాలి. రోడ్డు పక్కన కుప్ప పోసిన కంకర ఇది! రంపానికి తారు పట్టుకుంటే రెండు రోజులు గీకుతూ కూర్చున్నాను. ఇది తెచ్చిన బాబుకి ముప్పై రోజులూ నిండుగా వేశారు. డేరాలో పడుకున్న రాత్రుళ్ళు కూడా కొండపనేనా?"

అధ్యక్షురాలు కప్పు పక్కన పెట్టి ఆ రాయి అందుకుంది. వాసన చూసింది. పెదవి బిగబట్టినా నవ్వు ఆగలేదు. హెడ్డుగారి మొహం మాత్రం జేవురించింది.

"ఆ అబ్బాయి సంగతి విడిగా చూస్తాం. నిబంధన నిబంధనే. ఈ అమ్మాయి మీద నాకేమైనా పగా? ఆడపిల్లల భద్రత కోసమే వెనక్కి తీసుకొచ్చాం. ఇప్పుడు ఈమెకిస్తే, పాతికేళ్ళ నుంచి వెళ్ళిపోయిన వాళ్ళంతా వచ్చి అడుగుతారు."

"అడగాలి కదండీ!" రాళ్ళమ్మ గొంతు పగిలినట్టు పైకి లేచింది. "మరుగుదొడ్డి కట్టించడం ఎవరి పని? పిల్లలదా? గొయ్యి తవ్వి నాలుగు రేకులు పాతడానికి పాతికేళ్ళా? భూమి లోపల మైళ్ళ లోతున ఏముందో చెప్పే వాళ్ళే, నాలుగడుగుల గొయ్యి తవ్వలేకపోయారా?"

అప్పుడు అమ్మాయి ముందుకొచ్చింది.

"సార్, సీటు ఇవ్వకపోతే పోనీండి. కానీ 'అర్హత లేదు' అని మాత్రం రాయకండి. అది అబద్ధం. 'ఈమె ఆడపిల్ల, అందుకని మేమే రాత్రికి ఉండనివ్వలేదు, ఉండలేదు కాబట్టి రోజులు కోసేశాం' అని మీ చేత్తో రాసి సంతకం పెట్టి ఇవ్వండి. నాకు అదొక్కటి చాలు."

"ఇదేం కోరికమ్మా?" అన్నారు ఆయన.

"నిజమే కద సార్. నిజం రాయడానికి ఏముంది?"

అధ్యక్షురాలు తెల్లకాగితం ఒకటి ఆయన ముందుకు జరిపింది. "రాయండి. ఈ అమ్మాయి ఫొటో పక్కనే, అట్ట మీద అచ్చు వేద్దాం. జనం రెండూ కలిపి చదువుకుంటారు."

హెడ్డుగారు కలం తీశారు. "ఈమె" అని రాశారు. అక్కడ ఆగిపోయారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు. ఆ తరవాతి మాట కలంలోంచి దిగలేదు. ఇన్నేళ్ళూ ఎవరూ రాయకుండానే జరిగిపోయిన పనిని, మొదటిసారి రాయాల్సి వచ్చేసరికి చెయ్యి కదల్లేదు.

చివరికి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అమ్మాయి అర్జీ బయటికి లాగారు. "15" కొట్టేసి "30" అని వేశారు. కింద సంతకం పెట్టారు. జాబితా మారుస్తామన్నారు. క్యాంపులో ఏర్పాట్లు చేయాలని కమిటీ వాళ్ళు రాసుకున్నారు. ఇదంతా మంచినీళ్ళు తాగినంత సేపట్లో అయిపోయింది.

వరండాలోకి రాగానే అమ్మాయి పిన్ని మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చేసింది, ఏడుస్తూనే నవ్వింది. "గెలిచాం పిన్నీ! నీ మొహమేంటి ఇంకా అలా ఉంది?"

"ఎంత సేపు పట్టిందే ఆయనకి?"

"ఏమో, ఒక నిమిషం?"

"నిమిషం పని." రాళ్ళమ్మ గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. దేవుణ్ణి ఏదో అడగాలనుకుంది గాని, ఈ ప్రశ్న ఆయన్ని అడగాల్సింది కాదనిపించింది. "నా ముందు నుంచే ఎంతమంది పిల్లలు తల దించుకుని వెళ్ళిపోయారో తెలుసా? ఒక్కొక్కరికీ ఒక్క నిమిషం. అంతే. ఈ కోపం ఎక్కడ పెట్టుకోను చెప్పు?"

అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. పిన్ని చెయ్యి గట్టిగా పట్టుకుంది.